ఫార్మాట్ కొట్టించిన డిస్కు

మా అత్తవారింట్లో వీధి గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడమీద మా ఆయన కోటు వేసుకుని ఉంటాడు. నల్ల కోటు, ఎర్ర టై. బతికుండగా ఆయన ఒంటిమీద కోటు పడింది లేదు. పెళ్లిలో కూడా వేసుకోనని మొండికేసి తెల్లచొక్కాతోనే పీటలమీద కూర్చున్నాడు. గోడమీది ఆ ముఖం ఆధార్ కార్డులోంచి తీసింది. కోటు ఫ్లెక్సీ దుకాణంవాడి కంప్యూటర్లోంచి తీసింది. ఆ దుకాణంలో పోయినవాళ్లందరికీ అదే కోటు తొడుగుతారు. ఊళ్లో ఇంకో రెండు మూడిళ్లలో కూడా అదే కోటు, అదే టై వేలాడుతున్నాయి, తలలే వేరు.

అక్కడికి వెళ్లినప్పుడల్లా ఆ గోడవైపు చూడకుండా లోపలికి నడిచిపోతాను. చూస్తే ఏడుపు రాదు, ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పాలంటే ఒక హార్డ్ డిస్కు సంగతి చెప్పాలి.

అత్తవారిది కోటబొమ్మాళికి తూర్పున, సముద్రం ఒడ్డు ఊరు. పిల్లల చిన్నప్పుడే మామ పోతే అత్త చేపల గంప నెత్తిన పెట్టుకుని సంతల్లో అమ్మి ఇద్దరు కొడుకుల్ని పెంచింది. పెద్దవాడు మా ఆయన. విజయనగరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసేవాడు. చిన్నవాడు, అంటే మా మరిది, ఊళ్లోనే ఉండి రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజరుగా చేస్తూ, ఇంట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని చుట్టుపక్కలవాళ్లకి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టేవాడు. అందుకని ఆ ఊళ్లో కంప్యూటర్ అంటే మా మరిదే. నేను విజయనగరంలో ఒక ఆడిటర్ ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందే కూర్చునేదాన్ని. ఆ ఊరి లెక్కలో అది కంప్యూటర్ పని కిందికి రాదు, ఉద్యోగం కిందికి వస్తుంది.

మా ఆయనకి ఒక పిచ్చి ఉండేది. ఇంట్లో విండోస్ అడుగుపెట్టకూడదు. అందరి ఇళ్లలో ఉండేది దొంగ విండోసేనని, దొంగసరుకు తనకి వద్దని, లినక్స్ అయితే ఎవడికీ తలవంచకుండా వాడుకోవచ్చని వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేవాడు. చుట్టాలు నవ్వుకునేవారు. మా మరిది అయితే మొహం మీదే నవ్వేవాడు. కొత్తలో నేనూ విసుక్కున్నాను, తర్వాత నాకే అలవాటైపోయింది. ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో నాకు మిగిలింది అదొక్కటే.

డిస్కు ఖాళీ గది అనుకుంటే, అందులో సామాను సర్దే పద్ధతి లినక్స్‌ది ఒకటి, విండోస్‌ది ఇంకొకటి. లినక్స్ సర్దిన డిస్కుని విండోస్ చదవలేదు. చదవలేనని ఒప్పుకుంటే గొడవే లేకపోవును. ఒప్పుకోదు. ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని మర్యాదగా అడుగుతుంది. తనకి రాని లిపిలో రాసిన పుస్తకం చేతికిస్తే, కాగితాలన్నీ చింపేసి కొత్తవి కుట్టమంటారా అని అడిగినట్టు ఉంటుంది. అప్పుడు వద్దు అనే మీట నొక్కి, డిస్కు తీసి పక్కన పెట్టాలి. అంతే.

కానీ మా జిల్లాల్లో ఆ మీట ఎవరూ నొక్కరు. ఇక్కడ ఫార్మాట్ కొట్టడం అంటే వైద్యం. కంప్యూటర్ నెమ్మదించిందా, ఫార్మాట్ కొట్టీయాలి. వైరస్ వచ్చిందా, పాటలు వినపడటం లేదా, ప్రింటరు పలకడం లేదా, తీసుకెళ్లి దుకాణంలో ఇస్తే సాయంత్రానికి ఫార్మాట్ కొట్టి ఇస్తారు. బండి సర్వీసింగుకి ఇచ్చినంత మామూలుగా ఇస్తారు. కొట్టించాక పాడైంది బాగైందని సంతోషపడతారు. మా ఆయన దీనిమీద జోకులు వేసేవాడు. తన ముఖం కూడా ఆ వైద్యానికే పోతుందని తెలిస్తే అంత నవ్వేవాడు కాదు.

మా ఫోటోలన్నీ ఆ డిస్కులో ఉండేవి. ఫోనులో ఉంచితే ఫోను పోయిన రోజు అన్నీ పోతాయని, నెలకోసారి నా ఫోనూ తన ఫోనూ ఖాళీ చేసి డిస్కులోకి ఎక్కించేవాడు. ఇంటర్నెట్లో దాచుకోవచ్చు కదా అంటే, మన ముఖాలు ఎవడి గోదాములోనో ఎందుకనేవాడు. పెళ్లి ఆల్బం అంతకుముందే తుపానుకి నానిపోయి, పేజీకి పేజీ అంటుకుపోయింది. కాబట్టి ఆయన ఎలా ఉండేవాడో చెప్పడానికి ఉన్నది ఆ నల్ల డబ్బా ఒక్కటే.

అందులో కూడా ఆయన ఫోటోలు తక్కువ. ఎప్పుడూ తీసేవాడే గానీ దిగేవాడు కాదు. ఉన్న కొన్నీ నేను తీసినవి. నేను తీశాను కాబట్టి వాటిలో ఆయన నావైపు చూస్తుంటాడు. అన్నిటిలోకి నాకు ఇష్టమైనది ఒకటుంది. కోటబొమ్మాళి స్టేషన్లో పాసింజరు కోసం కూర్చుని తాటిముంజెలు తింటున్నాడు. నీళ్లు మోచేతిదాకా కారుతున్నాయి. నేను పిలిచేసరికి తలెత్తి, నోట్లో ముంజె పెట్టుకునే ఏదో అనబోతున్నాడు. ఏమనబోయాడో నాకు గుర్తులేదు. ఆ ఫోటో చూసినప్పుడల్లా గుర్తొచ్చేటట్టే ఉండేది.

ఒక సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ మా సందు మలుపులో కుప్పకూలిపోయాడు. చేతిలోని ఫోను పక్కనున్న కాలువలో పడింది. మనిషిని చూసుకునే కంగారులో ఫోనుని ఎవరు చూస్తారు. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. ఆయన్ని సొంతూరు తీసుకెళుతూ, బట్టల సంచిలో ల్యాప్‌టాప్, డిస్కు, ఆయన తాళాలగుత్తి కూడా పెట్టుకున్నాను. ఊరికి వెళ్లినప్పుడల్లా అవి వెంట ఉండేవి, ఆ అలవాటు కొద్దీ పెట్టుకున్నాను.

అక్కడ వంటింటి పక్క గదిలో నాకు చాప వేశారు. మొగుడు పోయిన ఆడది పెద్దకర్మ అయ్యేదాకా ఆ గది గుమ్మం దాటకూడదు. ఎవరికీ ఎదురు పడకూడదు. ఊళ్లో ఆడవాళ్లు జట్లు జట్లుగా వచ్చి, నన్ను పట్టుకుని రాగంతో ఏడ్చి, కళ్లు తుడుచుకుని, నా వైపు అనుమానంగా చూసి వెళ్లేవారు. నాకు ఏడుపు రావడం లేదు. ఏడవని పెళ్లాన్ని ఆ ఊరు చూడలేదు. కోడలు రాయి అయిపోయిందని ఒకామె, మొదటినుంచీ అంతేనని ఇంకొకామె గుమ్మంలోనే చెప్పుకున్నారు.

తర్వాత కాలేజీవాళ్లు పరామర్శకి వచ్చారు. పాపం మంచివాళ్లే. వెళ్లేముందు మొహమాటపడుతూ, ల్యాప్‌టాప్ కాలేజీది, స్టోరులో అప్పజెప్పాలి అన్నారు. ఒక్క గంట ఉండమనండి, నాకు అందులో పనుంది అని గదిలోంచి మరిదికి కబురు పెట్టాను. ఆ ల్యాప్‌టాప్ ఉంటే డిస్కులో ఫోటోలు ఏ గొడవా లేకుండా తెరుచుకుంటాయి. నా కబురు ఎవరు విన్నారో ఎవరు వినలేదో తెలియదు. ల్యాప్‌టాప్ వెళ్లిపోయింది. వచ్చినవాళ్లని నిలబెట్టడం బాగుండదని మరిది తర్వాత అన్నాడు.

పెద్దకర్మ దగ్గర పడింది. వీధి మొగలో ఫ్లెక్సీ కట్టాలి, అన్నయ్య మంచి ఫోటో ఏదైనా ఉందా అని మరిది గుమ్మం బయట నిలబడి అడిగాడు. ఉన్నాయని డిస్కు చూపించాను. నీ ల్యాప్‌టాప్ ఇలా తీసుకురా, నేనే తీసిస్తానన్నాను. మా ఆయన తాళాలగుత్తికి చిన్న పెన్‌డ్రైవ్ ఒకటి వేలాడుతుండేది. దాన్ని గుచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తే, లోపలున్న విండోస్ జోలికి పోకుండా లినక్స్ లేస్తుంది. పావుగంట పని. నేను ఆఫీసులో వందసార్లు చేసిన పని.

అత్త వంటింట్లోంచి విన్నది. గుమ్మం దగ్గరకి వచ్చి నిలబడింది.

"మూల కూకున్న మనిసివి, మిషను ముందల కూకుంటావేటే? ఊరంతా వస్తన్నారు. సూస్తే ఏటనుకుంటారు?"

ఎవరు చూస్తారు, తలుపు వేసుకుంటాను, నీ కొడుకు ఫోటో కోసమే కదా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇరవై ఏళ్లు నడిరోడ్డు మీద మగవాళ్లతో బేరాలాడి, తూకంలో మోసం చేస్తే చెయ్యి పట్టుకుని నిలదీసిన మనిషి ఆవిడ. ఆవిడ మొగుడు పోయినప్పుడు కూడా ఇదే గదిలో ఇలాగే కూర్చోబెట్టారట. తను కూర్చుంది కాబట్టి నేనూ కూర్చోవాలి.

సరే, డిస్కు ఇచ్చాను. ఇస్తూ మరిదికి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను. ఇది లినక్స్ డిస్కు. విండోస్‌లో పెడితే తెరుచుకోదు. ఫార్మాట్ చెయ్యమంటావా అని అడుగుతుంది. వద్దు అను. ఈ పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి దుకాణంవాడికి ఇచ్చి దీంతో లేపమను. వాడికి రాకపోతే ఏదీ ముట్టుకోకుండా తిరిగి పట్టుకొచ్చెయ్యి. రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పబోతే అతను నవ్వాడు.

"నాకు తెల్దేటి వదినా. నేను సూసుకుంటాను కదా."

పెన్‌డ్రైవ్ తీసుకెళ్లలేదు. వద్దులే, అక్కడ అన్నీ ఉంటాయి అన్నాడు.

దీపాలు పెట్టేవేళకి తిరిగొచ్చాడు. అతనూ ఇంకో కుర్రాడూ కలిసి ఫ్లెక్సీ చుట్ట విప్పి నా గుమ్మం ముందు పట్టుకున్నారు, నేను కూడా చూడాలని. కోటు వేసుకున్న మనిషొకడు నా వెనక గోడవైపు చూస్తున్నాడు. మెడ ఒకచోట, తల ఒకచోట. రంగు తేల్చి, బుగ్గలు నున్నగా చేసి, చిన్నప్పుడు పడవ అంచు తగిలి పడిన కనుబొమ్మ మీది మచ్చ కూడా తుడిచేశారు. డిస్కేది అని అడిగాను.

"అది పాడైపోనాది వదినా, ఓపెనవనేదు. ఏటనుకోకు, నేనే ఫార్మాట్ కొట్టించేసినాను. ఇప్పుడు బానే పనిచేస్తన్నాది."

మేలు చేసిన మనిషి ముఖంతోనే చెప్పాడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. అప్పటిదాకా లోపల ఎక్కడుందో, ఇల్లెగిరిపోయేలా వచ్చింది. చాప మీద పడి నేలని గుద్దుతూ ఏడ్చాను. ఆడవాళ్లు పరుగెత్తుకుని వచ్చి నన్ను పొదివి పట్టుకున్నారు. ఫ్లెక్సీలో మొగుణ్ని చూసి గుండె కరిగిందనుకున్నారు. వాళ్లూ ఏడ్చారు. ఇప్పటికి ఏడ్చింది తల్లి, ఇంక బతుకుతాది అని ఎవరో నా వీపు నిమిరారు. కొత్తగా పోయిందేమిటో అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అయినా ఆశ చావలేదు. ఫార్మాట్ కొట్టగానే ఫోటోలు మాయమైపోవు. ఏది ఎక్కడుందో చెప్పే జాబితా చెరుగుతుంది గానీ, సామాను చాలావరకు ఎక్కడిది అక్కడే ఉంటుంది. దానిమీద కొత్తగా ఏమీ ఎక్కించకపోతే, ఓపిగ్గా వెతికితే చాలా తిరిగొస్తాయి. మర్నాడు మరిదిని పిలిచి ఆ మాటే చెప్పాను. డిస్కు నాకిచ్చెయ్యి, ఈలోగా అందులో ఏమీ పెట్టకు అన్నాను. అలగేలే వదినా అన్నాడు. పనుల హడావిడిలో డిస్కు దుకాణంలోనే ఉండిపోయిందట. ఆ పూట తెస్తాను, ఈ పూట తెస్తాను అంటూనే పెద్దకర్మ వచ్చింది. ఆ రోజు నా చేతి గాజులు తీసినప్పుడు కూడా నేను డిస్కు గురించే ఆలోచిస్తున్నాను. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

పెద్దకర్మకి వీడియో తీయించారు. ఈమధ్య అందరూ తీయిస్తున్నారు. డ్రోను కూడా తెచ్చారు. గదిలో కూర్చుంటే కప్పు మీదుగా దాని రొద వినిపిస్తుండేది. అన్నీ అయ్యాక నేను విజయనగరం బయలుదేరే ముందు మరిది డిస్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. పెట్టి గర్వంగా చెప్పాడు.

"ఖాళీగానే ఉన్నాది కదాని పెద్దకర్మ వీడియో అంతా ఇందులోనే ఎక్కించమన్నాను. దాసుకో వదినా. అన్నయ్య గుర్తుగా ఉంటాది."

డిస్కు తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. అతను చెడ్డవాడు కాదని అందరూ అంటారు. నాకూ తెలుసు. అన్నయ్య పోయిన నాటినుంచి నిద్రాహారాలు మాని తిరిగింది అతనే. కానీ నేను చెప్పిన రెండు మాటలు, రెండే రెండు, అతని చెవి దాకా వెళ్లి ఎందుకు ఆగిపోయాయో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అదే మాట ఫ్లెక్సీ దుకాణంలో కుర్చీ మీద కూర్చున్న మగవాడు ఎవడైనా చెప్పి ఉంటే, డిస్కుని గుడ్డలో చుట్టి పట్టుకొచ్చేవాడు.

ఆఫీసులో మా ఆడిటర్ గారిని అడిగితే సెలవు రోజుల్లో కంప్యూటర్ వాడుకోమన్నారు. మా ఆయన తాళాలగుత్తి పెన్‌డ్రైవ్‌తో లినక్స్ లేపి, పోయిన ఫోటోలు వెతికే ప్రోగ్రాం పెట్టాను. మొదట పెద్దకర్మ వీడియో కనిపించింది, నిక్షేపంలా ఉంది. పైనుంచి తీసిన పెంకుల కప్పు, విస్తళ్లు, టెంటు, కోటు మనిషి ఫ్లెక్సీ, అన్నీ ఉన్నాయి. దాని తర్వాత పాతవి ఒక్కొక్కటే బయటపడటం మొదలైంది. పేర్లు లేవు, తేదీలు లేవు. పడవలు, వలలు, కాలేజీ వరండా, సంతలో అత్త గంప, ఎవరివో కాళ్లు. ఆ తర్వాత నేను. వంట చేస్తూ నేను, బట్టలారేస్తూ నేను, తలుపు తీస్తూ విసుక్కుంటూ నేను. ఆయన తీసినవి కాబట్టి అన్నిటిలోనూ నేనే. నన్ను నేను చూసుకుని విసుగెత్తిపోయాను. ఆయన మాత్రం రాలేదు. ఆయన ఉన్నచోట సరిగ్గా ఆ వీడియో కూర్చుంది. కొన్ని ఫైళ్లు తెరిస్తే బూడిదరంగు తప్ప ఏమీ లేదు.

వారాల తరబడి వెతికాను. చివరికి స్టేషన్ ఫోటో దొరికింది. సగం దొరికింది. పైన ప్లాట్‌ఫారం రేకులు, కింద ఆయన జుట్టు, నుదురు, కనుబొమ్మ మీది మచ్చ, నావైపు చూస్తున్న కళ్లు. ముక్కు సగం దాకా వచ్చి అక్కడితో ఆగింది. కిందంతా బూడిదరంగు, అక్కడ వీడియో కూర్చుంది. నోరు లేదు. అనబోయిన మాట ఏదో, అది కూడా దాంతోనే పోయింది. దాన్ని ఫోనులోకి ఎక్కించుకున్నాను.

ఇప్పుడు మా ఆఫీసుకి వచ్చేవాళ్లెవరైనా లినక్స్ డిస్కు విండోస్‌లో తెరుచుకోవడం లేదంటే నేనే చెప్తాను. విండోస్‌లోనే లినక్స్ నడిపించుకునే ఏర్పాటు ఉంది, దానికి డిస్కు తగిలించవచ్చు. చదవడానికి మాత్రమే పనికొచ్చే చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఏదీ చేతకాకపోతే పెన్‌డ్రైవ్‌తో లినక్స్ లేపి చూసుకోవచ్చు. ఫార్మాట్ మాట అడిగితే మాత్రం వద్దనండి. శ్రద్ధగా వింటారు, కొందరు రాసుకుంటారు కూడా. మేడమ్ గారికి బాగా తెలుసండీ అంటారు. ఆ మాట వింటే నాకు చిర్రెత్తుకొస్తుంది. నాకు అప్పుడూ ఇంతే తెలుసు.

సంవత్సరీకానికి ఊరెళ్లాను. ఈసారి గదిలో చాప లేదు, ఎక్కడైనా తిరగవచ్చు. భోజనాలయ్యాక జనం పలచబడ్డారు. అత్త గోడకి చేరగిలబడి ఫోటో వైపు చూస్తూ కూర్చుంది. ఆవిడ చూపు మందగించింది, చిన్నవైతే కళ్ల దగ్గర పెట్టుకుంటే గానీ కనపడవు. నేను అటువైపు పోకుండా దాటిపోతుంటే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది.

"ఈ కోటేటే, ఈ బుగ్గలేటి? ఏడాది నుంచి సూస్తన్నాను, ఈడు నా కొడుకులాగ లేడు," అంది. "నీ కాడ ఆడి బొమ్మేదైనా ఉన్నాదేటే?" అని అడిగింది.

ఏడాదిగా ఈ ఇంట్లో ఎవరైనా ఆ మాట అడగాలని, అడిగితే అనడానికి నేను చాలా సిద్ధం చేసుకుని ఉంచుకున్నాను. అవన్నీ పక్కన పెట్టి, ఫోను తీసి స్టేషన్ ఫోటో తెరిచి ఆవిడ చేతికిచ్చాను. కళ్లకి ఆనించుకున్నట్టు పెట్టుకుని చూసింది. కనుబొమ్మ మచ్చ మీద బొటనవేలు పెట్టింది.

తర్వాత పమిట చెంగు వేలికి చుట్టుకుని ఫోటో కింది సగాన్ని తుడవడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, పసిబిడ్డ మూతి తుడిచినట్టు తుడిచింది. చూసింది, చెంగు నోటితో తడి చేసుకుని మళ్లీ తుడిచింది.

"అది మట్టి కాదత్తా," అన్నాను. "ఆయన పెద్దకర్మ వీడియో. తుడిస్తే పోదు."

ఆవిడ విన్నదో లేదో తెలియదు. తుడుస్తూనే ఉంది.